సర్దార్‌బీ పరుపు

పొదిలిలో జాన్ బాషా కుట్టిన పరుపు లేని పెళ్లిల్లు ఉండేది కాదు. ఆయన సొంతింట్లో పరుపును మాత్రం ఇరవై ఏళ్లుగా విప్పి దూది ఏకింది లేదు. దాని మీద పడుకునే ఆయన భార్య సర్దార్‌బీ పొద్దున లేస్తూనే తుమ్మేది. వరసగా పద్నాలుగో, పదిహేనో. ఆ తర్వాత ఆయాసం.

2002 వేసవిలో కోడలు నగ్మా ఆమెను ఒంగోలు తీసుకెళ్లింది. డాక్టరు అంతా విన్నాడు.

"మందులు రాస్తానమ్మా. ముందు ఇంట్లో దుమ్ము వదిలించండి. తడిగుడ్డతో తుడవండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. ఇంతకీ పరుపు ఎప్పటిది?"

అత్తాకోడళ్లు మొహాలు చూసుకున్నారు.

మర్నాడు జాన్ బాషా కొట్టుకు వెళ్లగానే మంచం కింది పాత గోతాలన్నీ బయటికొచ్చాయి. పరుపును వీధి అరుగు మీదికి లాగి, మూతికి గుడ్డ కట్టుకుని నగ్మా కర్ర అందుకుంది.

"అత్తా, నువ్వు దూరంగా ఉండు!"

"ఇరవై ఏళ్లు తుమ్మించిందే నన్ను! ఒక్కటి కొట్టనీ!"

సర్దార్‌బీ కర్ర లాక్కుని ఒక్కటిచ్చింది. దుమ్ము చూరు దాకా లేచింది. ఆమె తుమ్మింది, నవ్వింది, మళ్లీ తుమ్మింది. సైకిలు మీద పోతున్న వెంకయ్య కూడా దిగి తుమ్మాడు.

"ఎవడమ్మా ఈ పరుపు కుట్టింది?"

"అదుగో, వస్తున్నాడు!" అంది సర్దార్‌బీ.

సూదులు మరిచిపోయి వెనక్కి వచ్చిన జాన్ బాషా నిలువునా ఆగిపోయాడు.

"వీధిలో పరువు తీశావు కదే!"

"పరువు కాదయ్యా, పరుపు తీశాను!"

నగ్మా కర్ర వదిలేసి గోడకు చేరగిలబడి నవ్వింది. వెంకయ్య నవ్వలేక సైకిలు సీటు పట్టుకున్నాడు. జాన్ బాషా కాసేపు బిగబట్టాడు గానీ, ఆయనకూ ఆగలేదు.

పరుపు భుజానేసుకుని కొట్టుకు తీసుకెళ్లి విప్పాడు. లోపల దూది నల్లగా ఉండలు కట్టింది. దాన్ని చూసి ఆయన నవ్వు పోయింది. పాతదంతా పారేసి, కొత్త దూది ఏకించి, దుమ్ము చొరని చిక్కటి గుడ్డతో సాయంత్రానికల్లా కుట్టి తెచ్చాడు.

"ఊరందరికీ కుట్టాను. నీకు మాత్రం మళ్లీ కుట్టలేదే," అన్నాడు గుమ్మంలోనే.

"ఇప్పుడు కుట్టావుగా, లోపలికి రా," అంది సర్దార్‌బీ.

తెల్లారి ఆమె లేచేసరికి మొగుడూ కోడలూ మంచం పక్కనే నిలబడి ఉన్నారు. ఒక తుమ్ము వచ్చింది. ఇంకొకటి. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. మూడోది రాలేదు.

"రెండే!" అని సర్దార్‌బీ మంచం మీదే చప్పట్లు కొట్టింది. నగ్మా అత్తను వాటేసుకుంది. జాన్ బాషా లుంగీ ఎగ్గట్టి, బకెట్టూ తడిగుడ్డా తీసుకుని, ఎవరూ చెప్పకుండానే గచ్చు తుడవడం మొదలుపెట్టాడు.