ఎనిమిదో తల్లి

జయరాజు తడిగోనె ఎత్తి తొట్టిలోకి చూడటం ఇది నాలుగోసారి. పన్నెండు కిలోల బొచ్చె చేప మూతి పైకి పెట్టి గుటకలు వేస్తోంది. బకెట్టెడు నీళ్ళు పైనుంచి పోసి, మళ్ళీ గోనె కప్పాడు.

మడికొండ దాటాక ఉన్న ఆ చేపపిల్లల కేంద్రంలో, 1983 నాటికి అతనిది పద్దెనిమిదేళ్ళ కొలువు. బక్కపలచటి మనిషి, నీళ్ళలో నాని కాలివేళ్ళ సందులు పాసిపోయాయి. వానలు పడగానే తల్లిచేపను ఒళ్ళో పట్టుకుని సూదిమందు వేయించేది, గుడ్లు పెట్టించేది అతనే. పదకొండేళ్ళుగా అందుకు ఈ చేపనే పడుతున్నాడు. పెద్దమ్మ అని పేరు కూడా పెట్టుకున్నాడు. వలలో గింజుకోదు, గుడ్లకు లోటు చేయదు. మరో తల్లిని పట్టాలని అతనికి తోచలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇప్పుడేమో పిల్లలు ఎదగడం లేదని చెరువుల వాళ్ళు మొత్తుకుంటున్నారు. తమ పెరుగు పుల్లనిదని ఎవరొప్పుకుంటారు? అందుకే మత్స్యశాఖతో సంబంధం లేని శాస్త్రవేత్తను విచారణకు పంపారు. ముసలి తల్లుల్ని తీసేయిస్తారని ఆఫీసులో అనుకున్నారు. తీసేయడమంటే జయరాజుకు తెలిసింది కత్తిపీట ఒక్కటే. తెల్లవారకముందే పెద్దమ్మను మోసుకొచ్చి స్టోరు వెనక తొట్టిలో దాచాడు.

"ఏందన్నా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతానవు?" అన్నాడు తోటి పనివాడు పోశయ్య, వల దులుపుతూ.

"ఏం లేదురా. జర ఉడ్కపోత్తాంది."

తొమ్మిదింటికి ఆ శాస్త్రవేత్త, డాక్టర్ శకుంతల వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలో దిగింది. జయరాజు వల ఈడ్చాడే గాని ప్రాణమంతా తొట్టి దగ్గరే ఉంది. దాహమని ఒకసారి వెళ్ళి నీళ్ళు పోసొచ్చాడు. రెండోసారి కదలబోతే ఆమె చేప తోక పట్టుకోమంది. కాదనలేకపోయాడు. ఒక్కో తల్లిచేపకూ పొలుసు తీసి, భూతద్దంలో చూసి, వయసు రాసుకుని, రెక్కకు అంకె బిళ్ళ కట్టేసరికి పన్నెండయింది. ఎండ మండిపోతోంది.

"ఏడే ఉన్నాయి. రిజిస్టరులో ఎనిమిది కదా?" అంది శకుంతల.

జయరాజు వల కింద పెట్టాడు. "ఎనిమిదోది ముసల్ది డాక్టరమ్మా. దాన్ని కోయిస్తరా?"

"కోయడమెందుకు? ఏళ్ళ తరబడి ఒకే తల్లి సంతానాన్ని వాటిలో వాటికే జతకడితే పిల్లలు గిడసబారతాయి. దాని చేత గుడ్లు పెట్టించొద్దంటాను, అంతే. పెద్ద చెరువులో దాని బతుకు అది బతుకుతుంది. ఇన్నేళ్ళున్నదంటే ఎవరో బాగా చూసుకున్నారు. తీసుకురండి, బిళ్ళ కడదాం."

జయరాజు పరుగెత్తాడు. గోనె లాగేశాడు. పెద్దమ్మ వెల్లకిలా తేలుతోంది. రెండు చేతులతో ఎత్తి, ఏటా పట్టుకున్నట్టే ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు.

వెనకే శకుంతల వచ్చింది.

"నేనే సంపుకున్న డాక్టరమ్మా," అని ఏడ్చాడు.

ఆమె చేతిలోది తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎనిమిది అంకె కొట్టిన చిన్న బిళ్ళ. కట్టడానికి దారం కూడా ఎక్కించి ఉంది.