వంకర మేకులు

మావారిని ఇంట్లో అందరూ స్కేలు అంటారు. ఆ పేరు నేను పెట్టిందే. గోడమీద పటం వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా ఆయనకి అన్నం సహించదు. అలాంటి మనిషి ఇంటి వెనక అరుగులా వేసిన డెక్కుని ఇన్నేళ్లు ఎలా ఓర్చుకున్నారా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆ చెక్కల డెక్కు మా మావయ్యగారు స్వయంగా వేసింది. ఆయన బస్సు డ్రైవరు. స్టీరింగు తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగరు. పలకలు బాగానే పరిచారు గానీ, కొట్టిన మేకుల్లో ఒక్కటీ తిన్నగా దిగలేదు. గుండ్రటి తలలు పైకి తేలి, ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తుండేవి. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మేకుల గురించి అత్తయ్య సాధిస్తూనే ఉంది. ఆయన పోయిన కొన్నాళ్లకి షుగరు ముదిరి ఆవిడకి చూపు పూర్తిగా పోయింది.

అయినా రోజూ పొద్దున్నే చెప్పులు లేకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, వంటింటి గడప దాటి డెక్కు చివరనున్న కుర్చీ దాకా నడిచివెళ్లేది. దారిపొడుగునా ఏదో గొణుక్కునేది. ప్రార్థన కాబోలనుకుని నా పనిలో నేనుండేదాన్ని. మిగతా రోజంతా స్నానానికీ మందులకీ ఆవిడకి నా చెయ్యి కావలసిందే. ఆ కాస్త నడక మాత్రమే ఆవిడ సొంతం.

వానలకి ముందు ఒకరోజు ఆవిడ పాదంలో చెక్క పేడు గుచ్చుకుంది. ఎండకీ వానకీ పలకలు బూడిదరంగుకి తిరిగి పేళ్లు లేస్తున్నాయి. మావారు పట్టకారుతో పేడు లాగి, మందు రాసి, అక్కడికక్కడే తీర్మానించారు.

"సెలవు పెడతాను. డెక్కు మొత్తం బాగుచేస్తాను."

"పెయింటు పూసేస్తే పోలా?" అన్నాను.

"పెయింటు పైపైన ఉండి పొరలుగా ఊడిపోతుంది. స్టెయిను అనే రంగునూనె అయితే చెక్కలోకి ఇంకుతుంది," అని నాకో క్లాసు పీకారు.

పనిలో దిగితే ఆయనకి ఒళ్లు తెలీదు. సబ్బునీళ్లు పోసి గట్టి బ్రష్షుతో రుద్ది కడిగారు. బాగా ఎండనిచ్చి, చెక్క చారల వెంబడే శాండ్‌పేపరుతో తోమారు. మేకుల తలల్ని ఒక్కొక్కటిగా లోపలికి దిగ్గొట్టి, పైన పుట్టీ పెట్టి, ఆనవాలు లేకుండా నున్నగా చేశారు. చివరికి పలక పొడుగునా స్టెయిను పట్టించి, ఇంకకుండా మిగిలినదాన్ని పాత గుడ్డతో తుడిచారు. అన్నాళ్లూ అత్తయ్య లోపలే కూర్చుని "ఇంకా ఆరలేదా?" అని మా ప్రాణం తీసింది.

ఎలాగైతేనేం, ఆరింది. తేనెరంగులో డెక్కు నిగనిగలాడింది.

"రా అమ్మా. ఎక్కడా ఒక్క పేడు కూడా లేదు," అంటూ ఆయన తలుపు తీశారు.

అత్తయ్య నాలుగడుగులు వేసి ఆగింది. పాదంతో కింద తడిమింది. ఇంకో అడుగు వేసి మళ్లీ తడిమింది. తర్వాత కుర్చీ వైపు కాకుండా మెట్ల వైపు తిరిగింది. నేను పరుగున వెళ్లి పట్టుకోకపోతే పడిపోయేదే.

"నన్ను లోపలికి తీసుకెళ్లమ్మా," అంది.

మర్నాడు బయటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రమ్మంటే కాళ్లు లాగుతున్నాయంది. గోడ వైపు తిరిగి కూర్చున్న ఆవిడని చూస్తే నాకు దిగులేసింది. దిగులేస్తే నాకు కోపమే వస్తుంది.

"కాళ్లకేం కాలేదు. నిజం చెప్పండి అత్తయ్యా," అని నిలదీశాను.

"మేకులేవమ్మా?" అంది. "గడప దిగగానే ఎడమకి వాలింది ఒకటుండేది. రెండు పలకలు దాటితే జంట మేకులు. ఆ తర్వాత బాగా పైకి లేచింది. దాని దగ్గర కుడికి తిరిగితే కుర్చీ. అవి లేకపోతే ఎక్కడున్నానో నాకు తెలీటంలేదు."

తలుపు దగ్గర నిలబడి విన్న మావారి ముఖం పాలిపోయింది. "నీ పాదాల కోసమే కదమ్మా నున్నగా చేశాను."

"తెలుసురా. నిన్నేమైనా అన్నానా?"

"పోనీ తాడు కడతాను. పట్టుకుని వెళ్దువుగాని."

"అదే తాడుతో నన్నూ కుర్చీకి కట్టెయ్యి, ఓ పనైపోతుంది."

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. వెళ్లి సుత్తి, గుండ్రటి తలల మేకులు తెచ్చారు. దిగ్గొట్టిన పాతవి ఎలాగూ పైకి రావు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గడప దిగి, అలవాటైన అడుగు వేసి, "ఇక్కడ" అంది. ఆయన వంగి, పళ్లు బిగబట్టి, కొత్త మెరుపులోకి మేకు కొట్టారు.

అత్తయ్య పాదం పెట్టి చూసింది. "తిన్నగా ఉందిరా."

"తిన్నగానే కదమ్మా ఉండాలి?"

"మీ నాన్న కొట్టింది ఎడమకి వాలి ఉండేది."

పీకి మళ్లీ కొట్టారు. మళ్లీ తిన్నగానే దిగింది. ఈసారి వంకరగా కొట్టాలనే మొదలుపెట్టి, మనసొప్పక చివరి దెబ్బతో సరిచేసేశారు. ఆ మనిషికి వంకర చేతకాదు. నాకు ఓపిక చచ్చి సుత్తి లాక్కున్నాను. జన్మలో మేకు కొట్టి ఎరగను. మొదటి దెబ్బకే అది ఎడమకి ఒరిగింది.

అత్తయ్య బొటనవేలితో దాన్ని తడిమింది. "ఇదీ! ఇదే!" అని చిన్నపిల్లలా నవ్వింది.

సాయంత్రానికి కుర్చీ దాకా మేకులు పూర్తయ్యాయి. అన్నీ నా చేతిమీదుగా చెడినవే. లోపలికి నీళ్లు దిగకుండా ఒక్కో మేకు చుట్టూ చిన్న బ్రష్షుతో స్టెయిను అద్దుతూ మావారు నా వెనకే వచ్చారు. ఒక్కసారి కూడా సణగలేదు.

మర్నాడు పొద్దున్న అత్తయ్య ఒక్కతే గడప దాటింది. మేమిద్దరం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. మొదటి మేకు పాదానికి తగలగానే ఆవిడ ముఖం తేటపడింది. గొణుగుడు మొదలైంది. ఈసారి చెవి రిక్కించి విన్నాను.

"ఏమండీ, ఒక్కటంటే ఒక్కటైనా తిన్నగా కొట్టలేరా మీరు?"

జంట మేకులు దాటింది. పైకి లేచిన మేకు దగ్గర ఆగి, ఎవరో జవాబు చెబుతున్నట్టు తల ఊపింది. "సర్లెండి. నేను పడితే పూచీ మీదే," అని కుడికి తిరిగి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"రోజూ ఇలాగేనా?" అన్నారాయన.

నేను తల ఊపాను. "ప్రార్థన అనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నాను.