కోస్తాలో పొగమంచు

సారమ్మకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే: ఎండ తన బిడ్డను తీసుకుపోతుందని. పాములకూ దయ్యాలకూ ఆమె అంతగా భయపడేది కాదు. మాఘం దాటి మట్టిగోడలు పొద్దుగూకినా చల్లారకపోవడం మొదలైతే మాత్రం ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఊరికే వచ్చిన భయం కాదది. పోయిన ఏడు మే నెలలో పెద్దవాడు దావీదు ఎండదెబ్బ తగిలి, మూడు రోజుల విరేచనాలతో పోయాడు. నీళ్లిస్తే ఇంకా పారుతుందని అత్త ఏసమ్మ గుక్కెడు కూడా పట్టనివ్వలేదు. మూడోనాటికి వాడి నాలుక ఎండిన చెరువు ఒండులా పెచ్చులు కట్టింది. ఇప్పుడు మిగిలింది రూతు, ఏడాదిన్నర పిల్ల.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఎమ్మిగనూరు పంచాయతీ ఆఫీసు ముందు కొయ్యకు మైకు కట్టి సాయంత్రం పూట రేడియో పెట్టేవారు. దాన్ని తిప్పేది బంట్రోతు ఉచ్చీరప్ప. కూలి నుంచి వస్తూ సారమ్మ బిడ్డను చంకనేసుకుని అక్కడ నిలబడేది. పాటలొస్తే పోయేది కాదు, వార్తలొస్తే పోయేది కాదు. చివర్లో వాతావరణం చెప్పాకే కదిలేది.

“ఏమ్మే సారమ్మా, ఎండ ఎంత కాసిందో రేడియోవాడు సెప్తే గాని నీకు సెమట పట్టదా?” అన్నాడు ఉచ్చీరప్ప.

“నాకు కాదులేన్నా. రేపెట్లుంటాదో తెలిస్తే బిడ్డను యాడ పండబెట్టాల్నో సూసుకుంటా.”

“రేపేముంది! ఈపొద్దు పెనం, రేపు పొయ్యి. ఇది సెప్పనీకె బెజవాడ నుంచి మనిషి అరవాల్నా?”

అరుగు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. సారమ్మ కూడా నవ్వింది గానీ కదల్లేదు.

ఆమె మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. ఐదులో చేరాల్సిన ఏడు పత్తి తీయడానికి మనిషి తక్కువైందని అమ్మ బడి మాన్పించింది. బడిలో గోడకు వేలాడే పటంలో తూర్పున నీలిరంగు పూసి ఉండేది. ఆ నీలం పక్కన బతికేవాళ్లకు ఎప్పుడూ చల్లగా ఉంటుందని టీచరమ్మ చెప్పిందో, తనే అనుకుందో ఆమెకు గుర్తులేదు.

మార్చి రెండో వారంలో రేడియో చెప్పింది: “రాయలసీమలో ఎండలు మామూలు కంటే నాలుగు డిగ్రీలు హెచ్చుగా ఉంటాయి. కోస్తాలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు పడే అవకాశం ఉంది.”

ఆ సీమలో పొగమంచంటే పుష్యమాసమే. మంచు పడిన పొద్దు జనం గొంగళ్లు కప్పుకుని జొన్నచేలకు పోతారు, మధ్యాహ్నం దాకా ఒళ్లు వెచ్చబడదు. మంచు పడే చోట ఎండ ఉండదన్నది అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పక్కరలేని సంగతి. సముద్రం మీంచి లేచే మంచు ఎలా ఉంటుందో వాళ్లలో ఎవరూ చూడలేదు.

ఆ వారమే సారమ్మ మొగుడు జయన్నకు అక్క అయిన మేరి, తండ్రి సమాధికి సున్నం కొట్టించాలని బందరు నుంచి వచ్చింది. పెళ్లయి పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. ముగ్గురు కొడుకులూ గట్టిగా ఉన్నారు.

“వదినా, మీకాడ మంచు పడతాందంట. నిజమేనా?”

“పడదామ్మే? పొద్దున లేస్తే ఎదురింటి గడప కనపడదు. నేను బయలెల్లిన పొద్దు గూడా దుప్పటి కప్పుకోనే టేసనుకు పోయినా.”

మేరి అబద్ధమాడలేదు. సారమ్మ అడిగింది మార్చి సంగతి. మే సంగతి అడగాలని ఆమెకు తోచలేదు.

“అయితే వదినా, వానలు పడేదంకా నా బిడ్డను నీకాడ పెట్టుకో.”

మేరి రూతును ఒళ్లోకి తీసుకుని, “నాకేం బరువు? ముగ్గురితో బాటు నాలుగోది. వానలు పడినాక నేనే తెచ్చిస్తా,” అంది.

ఏసమ్మ మాత్రం ఊరుకోలేదు. “పాలు మానని బిడ్డను పరాయి ఊరికి పంపే తల్లిని నిన్నే సూసినా.”

“ఈడ పెట్టుకుంటే ఏమయ్యిందో గూడా సూసినావు గదత్తా.”



ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నులో పనిచేసే జయన్న ఆదివారం ఇంటికి వచ్చి అంతా విన్నాడు. “అక్క అడిగిందా, నువ్వడిగినావా?”

“నేనే అడిగినా.”

“అట్లయితే ఒకమాట. ఇచ్చినాక ఎట్లుంది, ఏం పెడతాండారని ఆరా తీయగూడదు. ఇంటి ఆడబిడ్డ సేతికి బిడ్డనిచ్చి ఎనకాల్నే మనిషిని పంపడం మన వంశంలో లేదు. అది అక్కను కొట్టినట్టే.”

సారమ్మ ఒప్పుకుంది. ఆ పొద్దు దేనికైనా ఒప్పుకునేదే. రొమ్ముకు వేపాకు నూరి పూసుకుని నాలుగు రోజుల్లో పాలు మాన్పించింది. ఆదోని స్టేషన్లో రైలు కదిలేటప్పుడు రూతు మేరి భుజం మీద నిద్రపోతూ ఉంది. అందుకు సారమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత పది రోజులు, వీధిలో ఎవరి బిడ్డ ఏడ్చినా ఆమె రవిక తడిసేది.

ఏప్రిల్‌లో ఒక కార్డు వచ్చింది. మేరి ఎవరితోనో రాయించింది. “బిడ్డ క్షేమం. నీరు మారినందున కొంచెం విరేచనములు అయినవి. తగ్గినవి.” ఆ చివరి మాటను సారమ్మ ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. నీళ్లు మానిపించొద్దని, కాచి చల్లార్చి పట్టమని వెంటనే జవాబు రాసింది. దానికి జవాబు రాలేదు.

మే నెల మూడో వారంలో మైకు కింద నిలబడి ఉండగా రేడియో చెప్పింది: “కోస్తా జిల్లాల్లో తీవ్రమైన వడగాడ్పులు వీస్తున్నాయి. ఉష్ణోగ్రత నూట పదహారు డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. రాయలసీమలో అక్కడక్కడ ఉరుములతో జల్లులు పడవచ్చు.”

“అన్నా, అటూ ఇటూ మార్చి సదివినట్టుండాడే,” అంది సారమ్మ. “కోస్తా అంటే మంచు పడే సీమ గదా?”

ఉచ్చీరప్ప ఎగతాళికి నోరు తెరిచి, ఆమె చంక ఖాళీగా ఉండటం చూసి ఆగాడు. “అది మార్చిలోమ్మా. మంచు పోయినాక ఆడ మనిషి నిలవలేడంట. మా తమ్ముడు మిరపకాయల పనికి గుంటూరు పోయొచ్చినాడు. మన ఎండ కాలుస్తాది, వాళ్లది ఉడకబెడతాది అంటాడు.”

“ముందే సెప్పుంటే బాగుండె గదన్నా.”

“నువ్వు బిడ్డను పంపుతాండావని నాకేం తెలుసు తల్లీ?”

మరునాడు సాయంత్రం ఎమ్మిగనూరులో గట్టి జల్లు పడింది. మిద్దెల మీంచి ఎర్రనీళ్లు కారాయి. రూతుతో బాటు ఒకే నెలలో పుట్టిన పక్కింటి పిల్ల బురదలో కూర్చుని అరచేతులతో తపతప కొడుతూ నవ్వుతోంది. సారమ్మ తలుపు మూసుకుంది.

ఆదివారం జయన్న కాళ్ల దగ్గర కూర్చుంది. “ఒక్కసారి పోయి సూసి రాప్పా.”

“పోతే అక్క ఏమనుకుంటాది? బిడ్డ సచ్చిందేమోనని వచ్చినావా అంటాది.”

“అననీ.”

“ఏమన్నా అయ్యింటే కబురు రాదా?”

“బాగుంటే మాత్రం రాదా?”

జయన్న తుండు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. అతనికి అక్క మీది మర్యాద ఒక్కటే అడ్డం కాదని సారమ్మకు అప్పుడు తెలిసింది. పోనంతకాలం బిడ్డ ఉన్నట్టే. పోయి గడపలో నిలబడితే ఏదో ఒకటి తేలిపోతుంది. అది తేల్చుకునే గుండె అతనికి లేదు.

తర్వాత ఆమె ఇంకో మూడు కార్డులు రాసింది. జూన్ పోయింది. వానలు పడ్డాయి, కొర్ర, వేరుశనగ విత్తారు, మొలకలు కూడా వచ్చాయి. వానలు పడ్డాక తెచ్చిస్తానన్న మేరి రాలేదు. సారమ్మ ఇప్పుడు రేడియో దగ్గరికి పోవడం లేదు. ఒక్కతే రైలెక్కుదామని ఒకసారి ఆదోని దాకా పోయింది. జిన్నులో పనిచేసేవాళ్లు చూసి జయన్నకు చెప్పగా, అతను వచ్చి బస్సెక్కించి వెనక్కి పంపాడు. ఇంటి తరఫున పోగలిగిన మనిషి ఇక ఎవరూ లేరు.

కాబట్టి ఇది చదివే మీలో ఎవరికైనా బందరు వైపు పని ఉంటే, ఉప్పు కొటార్ల వెనక తాటాకిళ్ల వరసలో సీమ మేరి ఇల్లు ఏదని అడగండి. సారమ్మ పంపిందని మాత్రం అనొద్దు. ఎండనపడి వచ్చాం, దాహమవుతోందని గడపలో నిలబడండి. ఆమె లోపలికి పోయి నీళ్లు తెచ్చేలోగా ఇల్లంతా ఒకసారి చూడండి. పిల్ల నలుపు, ఎడమ చెవి తమ్మె కొంచెం చీలి ఉంటుంది. రూతూ అని మెల్లగా పిలిచి చూడండి. పలికినా, పలకకపోయినా, ఎమ్మిగనూరుకు ఒక కార్డు ముక్క రాయండి.