పన్నెండు రోజులు నావే

"కాలేజీ మానేసే ముందు మీరు ఎవరెవరికి చెప్పారు?" అని అడిగింది విదేశీ విద్యార్థుల ఆఫీసు మేడం.

నేను వేళ్ళు మడుస్తూ చెప్పాను. అమ్మకు, నాన్నకు చెప్పాను. అక్కకు, బావకు చెప్పాను. ల్యాబ్‌లో నా పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి చెప్పాను. పాఠాలు చెప్పే నలుగురికీ విడివిడిగా మెయిల్ పెట్టాను. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేటప్పుడు కౌంటర్‌లో ఉన్నాయనకు కూడా, ఆయన అడగకపోయినా, చెప్పాను.

"ఈ ఆఫీసుకు?"

"ఇక్కడ చెప్పాలని తెలియదండీ."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చెప్పాల్సింది ఇక్కడ ఒక్కచోటే," అంది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఏ కాగితం ఎవరికివ్వాలో చెప్పడానికి నాకంటే ముందు నడిచినవాళ్ళు లేరు. ఇది సాకుగా చెప్పడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. నీటి పరీక్షల మీద పీజీ చేయడానికి ఈ దేశం వచ్చాను. అక్కా బావా అప్పటికే ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ళింట్లోనే దిగాను. క్లాసులు మొదలైన మూడో వారంలో అక్కకు నెలలు నిండకుండానే కవలలు పుట్టారు. అక్కకు ఆపరేషన్, ఆపైన కుట్లు చీము పట్టి జ్వరం. బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి పది రోజులు, సెలవు మాట ఎత్తే పరిస్థితి లేదు. ఇక ఆ ఇంట్లో మిగిలిన పెద్దమనిషిని నేనే. కాలేజీకి వెళ్ళడం ఆపేశాను. సెమిస్టరు చివర్లో కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది, మీ విద్యార్థి స్టేటస్ రద్దయిందని. చదువుకోవడానికని ఇచ్చిన వీసా మరి. చదువు ఆగితే ఇక్కడ ఉండే హక్కు కూడా దానితోపాటే పోతుంది. ఆ మెయిల్ చూశాక మేడం దగ్గరికి రావడానికి నాకు నెల పట్టింది.

"దారి ఒకటుంది," అంది మేడం. "స్టేటస్ తిరిగి ఇవ్వమని ఇమిగ్రేషన్ వాళ్ళకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మానేసినప్పటి నుంచి ఐదు నెలలు దాటకూడదు. మీకింకా ఆరు వారాలుంది. చదువు ఆగింది మీ చేతుల్లో లేని కారణంతోనని చూపించాలి. మాటలతో కాదు, రుజువులతో. ఒప్పుకుంటే మళ్ళీ క్లాసులో కూర్చుంటారు. ఒప్పుకోకపోతే పెట్టె సర్దుకోవాలి. రెండోసారి అడగడానికి లేదు."

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నెల రోజులుగా తిరుగుతూనే ఉన్నాయి. "నా వల్లే కదే ఇదంతా. నేను కనకపోతే నువ్వు చదువుకునేదానివి."

"రుజువులు కావాలా?" అన్నాడు బావ, ఒక చేత్తో పెద్దదాన్ని, ఇంకో చేత్తో చిన్నదాన్ని పట్టుకుని. పెద్దదానికీ చిన్నదానికీ తేడా నాలుగు నిమిషాలు. "రుజువులు రెండూ ఇక్కడే గోల పెడుతున్నాయిగా. చెరో చంకలో పెట్టుకుని తీసుకెళ్ళు మరదలా. పది నిమిషాల్లో స్టేటస్ ఇచ్చి పంపించేస్తారు."

ఆస్పత్రి కాగితాలు చాలానే ఉన్నాయి. అక్కకు జబ్బు చేసిందని, పిల్లలు బరువు తక్కువగా పుట్టారని వాటిలో ఉంది. కానీ వాళ్ళను చూసుకున్నది నేనని ఏ కాగితంలోనూ లేదు. ఆ సంగతి ఉన్నది ఒక్క చోటే, లంగోటాల సొరుగులో.

పిల్లలను ఇంటికి పంపేటప్పుడు నర్సు గట్టిగా చెప్పింది, ఎవరు ఎప్పుడు ఎన్ని పాలు తాగారో, ఎన్నిసార్లు తడిపారో, ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో అంతా రాసిపెట్టమని. చెప్పిన పని చెప్పినట్టు చేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. పొడుగు నోటుబుక్కు ఒకటి తీసుకుని రోజుకో పేజీ రాశాను. అయితే మాట్లాడటానికి మనిషి లేని ఇంట్లో పెన్ను ఊరుకోదు. 'ఉదయం ఆరు, పెద్దది నలభై మిల్లీ, చిన్నది ముప్పై, సగం నా భుజం మీద కక్కింది' అని రాసిన కింద 'బావ సీసా కడుగుతూ సింకు దగ్గర నిలబడే గురక పెట్టాడు' అని కూడా రాసేదాన్ని. 'అక్కకు జ్వరం నూట రెండు. డాక్టరుకు ఫోన్ చేశాను. మొదట నంబరు తప్పు నొక్కాను' అని ఒక రోజు. 'బావ లంగోటా తిరగేసి కట్టాడు, ఇది ఐదోసారి' అని ఇంకో రోజు.

అదంతా తెలుగులో ఉంది. ముద్ర ఉన్న అనువాదకుడి చేత ఇంగ్లీషులో రాయించి తెమ్మంది మేడం. ఇంటివాళ్ళు చేస్తే చెల్లదట.

అనువాదకుడు లాండ్రీ పైన చిన్న గదిలో ఉంటాడు. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరికి ఆయన కిటికీ అద్దం ఎప్పుడూ మసకగానే ఉంటుంది. అందరూ మాస్టారంటారు కానీ ఆయన ఏ బళ్ళోనూ చెప్పలేదట, రిజిస్ట్రారు ఆఫీసులో టైపిస్టుగా చేశాడట. నా నోటుబుక్కు తిరగేసి మొహం చేటంత చేసుకున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా జనన పత్రాలు, పెళ్ళి పత్రాలు, మార్కుల జాబితాలే అమ్మాయ్. చదవడానికి ఓ మనిషి రాసింది దొరకడం ఇదే మొదలు. ఇక్కడ ఉంచి వెళ్ళు, నాలుగు రోజులు కావాలి."

"మాస్టారూ, మా బావ గురించి రాసినవి వదిలేయొచ్చా?"

"వదలడం నా వృత్తిలో లేదు. ఉన్నదున్నట్టు రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర గుద్దుతాను. గురక కూడా గుద్దుతాను."

నాలుగో రోజు కబురు పెట్టాడు. వెళ్ళేసరికి అనువాదం బల్ల మీద చక్కగా పేర్చి ఉంది. దాని పక్కన నా నోటుబుక్కు యాభై ఏడో పేజీ దగ్గర తెరిచి ఉంది. ఆ పేజీలు ఉన్నాయన్న సంగతి నేను మరిచిపోలేదు. ఎవరూ చదవరనుకున్నాను, అంతే.

మాస్టారు వేలుతో చూపించి చదివాడు. "'డాక్టరు పిల్లల బరువు చూసి ఇక భయం లేదన్నాడు. అక్కకు జ్వరం తగ్గి వారమైంది. రేపటి నుంచి కాలేజీకి పో అంది అక్క. తలనొప్పిగా ఉందని చెప్పాను. తలనొప్పి లేదు.'"

ఆగి నా వైపు చూశాడు.

"ఇలాంటివి పన్నెండు పేజీలున్నాయమ్మా. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు బస్సు రాలేదు, ఒకరోజు చిన్నది వెచ్చగా ఉంది. ఆ రోజు చిన్నదాని జ్వరం గడిలో మాత్రం మామూలు అని నీ చేతిరాతే ఉంది. ఆఖరి పేజీలో, 'లెక్చరర్లు మళ్ళీ చేరమని ఇచ్చిన గడువు ఈరోజుతో అయిపోయింది. హాయిగా ఉంది. ఇలా హాయిగా ఉండటం బాగాలేదు' అని రాశావు."

నేను నోటుబుక్కు మూసేశాను.

"నేను రాసేవాణ్ణి. తీర్పరిని కాను," అన్నాడు ఆయన. "యాభై ఆరు పేజీలిస్తే యాభై ఆరు పేజీలకు ముద్ర వేస్తాను. మొత్తం ఇస్తే మొత్తానికి వేస్తాను. కానీ యాభై ఆరు ఇచ్చి ఇదే మొత్తం అని రాయమంటే రాయను. ఆలోచించుకుని రేపు చెప్పు."

ఇంటికి వెళ్ళాను. బావకు మాత్రం చిన్నగా చెప్పాను, చివరి పన్నెండు రోజులకు రుజువు సరిగ్గా లేదని. ఎందుకు లేదో చెప్పలేదు.

"దానికేముంది?" అన్నాడు బావ. "ఆ పన్నెండు రోజులూ మీ అక్కకు మళ్ళీ జ్వరమొచ్చిందని రాసిద్దాం. అప్పుడు డాక్టరు దగ్గరికి పోలేదు కాబట్టి అవునా కాదా అని చెప్పే కాగితం ఏదీ ఉండదు."

"రాసిస్తాను," అంది అక్క వెంటనే. చిన్నదాన్ని బావ ఒళ్ళో పెట్టి కాగితం కోసం లేచింది కూడా. "ఎంత జ్వరమని రాయమంటావో చెప్పు. దాని చదువు పోయింది నా వల్ల. ఆ మాత్రం చేయలేనా?"

పెన్ను మూత తీసింది. నిజానికి అక్కకు అబద్ధమాడటం చేతకాదు. ఎవరైనా ఫోన్ చేసినప్పుడు, ఇంట్లో లేనని అబద్ధం చెప్పమంటే, 'నేను లేనండీ' అని తనే చెప్పే రకం. అలాంటి మనిషి నా కోసం తనకు రాని జ్వరం రాయడానికి కూర్చుంది.

"అక్కా, ఆగు. నీ వల్ల కాదు."

"మరెవరి వల్ల?"

చెప్పేశాను. స్టాటిస్టిక్స్‌లో మొదటి పరీక్షకు నాకు పాతికకు నాలుగొచ్చాయి. కాన్పుకు రెండు రోజుల ముందు. పేపర్లు ఇచ్చేటప్పుడు లెక్చరరు మార్కు పైకి కనిపించేలా బల్ల మీద పెట్టాడు. ఊళ్ళో అమ్మావాళ్ళు నా డిగ్రీ ఫోటోకు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు. చుట్టాలొస్తే ముందు దాన్ని చూపించి, తర్వాత మంచినీళ్ళిస్తారు. అలాంటి నాకు నాలుగు. మొదటి ఎనిమిది వారాలూ నేను నిజంగానే పిల్లల కోసం ఉన్నాను. ఆ తర్వాత పన్నెండు రోజులు మాత్రం పిల్లల చాటున దాక్కున్నాను.

అక్క విసిరిన తడి తువ్వాలు నా మొహం మీదికి వచ్చి పడింది.

"నెల రోజుల నుంచి నేను ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావా? ఈ పసిగుడ్ల మొహం చూసి, మీ వల్ల పిన్ని చదువు పోయిందే అని వీళ్ళతో కూడా అన్నానే! ఒసేయ్, పాలు పడతావు, లంగోటాలు మారుస్తావు, ఒక్క మాట చెప్పలేవా?"

"సిగ్గేసిందక్కా."

"సిగ్గట. ఎన్నొచ్చాయన్నావు?"

"నాలుగు."

"పదో తరగతి లెక్కల్లో నాకు రెండు. పాతికకు కాదు, వందకు. నేను బతకడం లేదూ?" అంటూ అక్క పక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడే తెలిసింది. పెన్నుకు మూత పెట్టేసి, చిన్నదాన్ని బావ దగ్గర నుంచి తీసుకుని, "విన్నావా, మన తప్పేం లేదట," అని దాని చెవిలో చెప్పింది.

నేను మొత్తం పుస్తకం ఇస్తానన్నాను. వాళ్ళు కాదంటే పెట్టె సర్దుకుంటానన్నాను.

బావ గొంతు సవరించుకున్నాడు. "మొత్తం అంటే, నా గురించి రాసినవి కూడానా?"

"మొత్తం అంటే మొత్తమే బావా."

"ఎన్నిచోట్ల ఉంది?"

"మాస్టారు లెక్కపెట్టారట. ముప్పై ఒకటి."

"ఒక దేశ ప్రభుత్వం నా గురక గురించి చదవబోతోందన్నమాట," అన్నాడు బావ పైకప్పు చూస్తూ. "మా నాన్నకు కూడా ఇంత పేరు రాలేదు."

ఉత్తరం నేనే రాసుకున్నాను. 'మొదటి ఎనిమిది వారాలు నా చేతుల్లో లేవు. చివరి పన్నెండు రోజులు నా చేతుల్లోనే ఉన్నాయి. ఒక సబ్జెక్టుకు భయపడి వెళ్ళలేదు. ఆఫీసుకు చెప్పాలని తెలియకపోవడం నా పొరపాటు.' అంతకంటే ఎక్కువ రాయడానికి ఏమీ కనిపించలేదు.

మేడం రెండుసార్లు చదివింది. "ఈ పన్నెండు రోజుల వాక్యం ఉంచుతారా?"

"ఉంచుతానండీ."

"ఇది చూసి వాళ్ళు కుదరదనొచ్చు. తెలుసు కదా?"

"తెలుసండీ."

"నా దగ్గరికొచ్చే ఉత్తరాల్లో తప్పు ఎప్పుడూ ఎవరిదో ఒకరిది. రూమ్మేటుది, బస్సుది, ఇంటర్నెట్టుది. ఒకాయన పిల్లి మీద పెట్టాడు." కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టింది. "నేనూ ఒక ఉత్తరం జత చేస్తాను. మొదటి వారంలోనే మీరు ఇక్కడికి వచ్చి ఉంటే, ఇంట్లో ఆ పరిస్థితికి సెమిస్టరంతా సెలవు ఇచ్చేదాన్ని. అప్పుడు ఆ పన్నెండు రోజుల ప్రశ్నే వచ్చేది కాదు. ఆ మాట రాస్తాను. సరిపోతుందో లేదో వాళ్ళ చేతుల్లో ఉంది. ఒకటి అడుగుతాను. స్టేటస్ వస్తే ఏ సబ్జెక్టు ముందు తీసుకుంటారు?"

ఆమె ఏ జవాబు కోసం చూస్తోందో తెలుసు. "స్టాటిస్టిక్సేనండీ."

ఏడు వారాలు ఎదురుచూశాం. క్లాసుకు వెళ్ళడానికి లేదు కాబట్టి వంటింటి బల్ల దగ్గర స్టాటిస్టిక్స్ పుస్తకమే ముందేసుకున్నాను. సగటు వరకు బాగానే ఉండేది, ఆ తర్వాత నుంచి పొగ. పెద్దది పుస్తకం మూల నమిలేది. అర్థమైన లెక్కలను అక్కకు వివరించేదాన్ని. అక్క కూర తరుగుతూ, "ఊఁ" కొట్టి, చివర్లో "ఎందుకు?" అనేది. ఆ ఎందుకుకు జవాబు తెలియకపోతే మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని.

ఉత్తరం మంగళవారం పొద్దున వచ్చింది. బావ చింపబోతే అక్క లాక్కుంది, అక్క చేతిలోంచి నేను లాక్కున్నాను. రెండే వాక్యాలు. దరఖాస్తు ఒప్పుకున్నామని ఒకటి. ఈ సెమిస్టరు నుంచే పూర్తి కోర్సుల్లో చేరాలని రెండోది. పన్నెండు రోజుల గురించి మంచీ లేదు, చెడూ లేదు.

"ఈ సెమిస్టరు అంటే ఎప్పుడు?" అంది అక్క.

"నిన్న మొదలైంది."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డావేంటే!"

చెప్పులేసుకుని పరుగెత్తాను. మేడం కాగితాల మీద సంతకాలు చేసి, గడియారం చూసి, "స్టాటిస్టిక్స్ క్లాసు ఇప్పుడే, ఆరో అంతస్తు, లిఫ్టు రిపేరులో ఉంది," అంది ఒకే ఊపిరిలో.

ఆరు అంతస్తులు ఎక్కేసరికి రొప్పు వచ్చింది. తలుపు సగం తెరిచి ఉంది. లెక్చరరు బోర్డు మీద ఏదో రాస్తున్నాడు, అదే మనిషి. వెనక వరసలన్నీ నిండిపోయాయి, ముందు వరసలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చున్నాను. బోర్డు మీద రెండో లైను అర్థమైంది. మూడో లైను అర్థం కాలేదు. చెయ్యెత్తాను.