ఇంత నీడ చేసి పో

పొద్దు పొడిచే యాల్లకు ద్వాలి వాకిలి ఊడ్చి, సానుపు జల్లి, పొయ్యి మీద చాయ పెడ్తది. బిడ్డ జ్యోత్స్నకు ఒక గ్లాసు, తనకొక గ్లాసు, అరుగు మీద ఒక గ్లాసు. అరుగు మీది గ్లాసు మొగుని నీడకు. మొగుడు మంగీలాల్ గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఎదురుంగ మంచంల కూసున్నా సరే, ముందు ఆ గ్లాసే. తర్వాత యాదికొచ్చి, "అయ్యో, నీకు పొయ్యలే గద" అంటది. ఆ 'అయ్యో' వింటే మంగీలాల్‌కు కడుపు మండుతది.

నీడ చాయ ఎట్ల తాగుతదని అడగకుండ్రి. గ్లాసు సల్లారేది, సల్లారిన చాయ కుడితి గోళెంల పోసేది, అంతే. ఏన్కూరు దాటినంక అడివి అంచుకున్న ఆ తండల ఇది ఎవ్వరికీ వింత గాదు. మనిషి గల్ఫ్ పోయిండు, నీడ ఇంటికాడ ఉన్నది, ఉంటే ఉన్నది. పక్క చేను దస్రు బర్లు తోలుకపోతా, "ఏం మంగీలాలూ, బాగేనా?" అని నీడనే పలకరిస్తడు. మంచంల మనిషి "బాగనే ఉన్న" అంటే ఉలిక్కిపడి, "ఓ, నువ్వు గూడ ఉన్నవా" అంటడు.

ఈ నీడ ఉండిపోయింది ఒక్క మాట వల్ల. మంగీలాల్ మొదటిసారి పోయేనాడు జ్యోత్స్న ఇంకా కడుపులనే ఉన్నది. ఇంటికి కప్పంటే తాటాకులు, తాటాకుల మీద పరదా. బ్యాగు ఎత్తుకొని గడప దిగుతుంటే ద్వాలి కొంగు నోటికడ్డం పెట్టుకొని, "పోయేటోనివి పో గానీ, మాకింత నీడ చేసి పో" అన్నది. "చేస్త తియ్" అన్నడు మంగీలాల్. అని మనిషి బస్సెక్కిండు, నీడ గడపకాడ ఆగిపోయింది. బస్సు దిగి చూసుకుంటే కాళ్ళ కింద ఏం లేదు. పోనీలే, బరువు తగ్గింది అనుకున్నడు. ఆడ పనోళ్ళుండే క్యాంపుల గట్ల నీడ ఇంటికాడ మర్సొచ్చినోళ్ళు చానామంది ఉండిరి. ఎవ్వడు ఎవ్వన్ని అడగలే.

ద్వాలి అడిగింది ఇంటి కప్పునని మంగీలాల్ అనుకున్నడు. ఇంకేమనుకుంటడు? ఆ ఎడారి ఎండల సెంట్రింగు పని చేసి, పైసలు పంపి పంపి, తాటాకులు పీకించి స్లాబు ఏయించిండు. స్లాబు పడ్డనాడు క్యాంపుల అందరికీ మిఠాయి పంచిండు. ఇప్పుడొచ్చి చూస్తే ఏమున్నది? తల్లీబిడ్డలు ఆ స్లాబు కింద పండుకునుడే గానీ కూసునుడు లేదు. కూసునేది వాకిట్ల, నీడ పక్కన. "లోపట ఉబ్బరం. ఈడ సల్లగుంటది" అంటది ద్వాలి.

మిరప చేన్ల అయితే ఇంకా ఘోరం. ఎండలు ముదిరినయ్, బడి ఒంటిపూట అయింది, ఆఖరు కోత కాయ ఏరుతున్నరు. మిట్టమధ్యాహ్నం అందరి నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుంటయ్ గదా, ఇది మాత్రం ముడుచుకోదు. ద్వాలి ఏ సాలుల ఉంటే ఆ సాలు మీద నిలబడి, ఎంత సాగాల్నో అంత సాగుతది. పక్క సాలుల ఆడోళ్ళు, "ద్వాలీ, నీ పెనిమిటిని జర ఇటు జరగమనవే, మేం గూడ మనుషులమే" అని నవ్వుతరు. ద్వాలి నీడ దిక్కు చూసి నవ్వుతది. సిగ్గుపడుకుంట నవ్వుతది.

అసలు మనిషి పక్క సాలులనే ఉన్నడు. తలకు తువ్వాల చుట్టుకొని, చెమటలు కక్కుకుంట కాయ ఏరుతున్నడు. నేనక్కడ మాడి మసైతుంటే ఇది నా పెండ్లాం పక్కన నీడపట్టున కూసొని మురిసిందా అనుకున్నడు. జ్యోత్స్న పుస్తకం పట్టుకొని గట్టు దిగొస్తుంటే, "దా బిడ్డా, నా పక్కన కూసో" అని పిలిచిండు.

ఆ పిల్ల నిలబడి ఇద్దర్నీ చూసింది. "నీ పక్కన ఎండొస్తది బాపూ" అని పోయి నీడల కూసున్నది. తప్పేం లేదు, ఉన్నమాటే అన్నది. మంగీలాల్ ఆ పొద్దు అన్నం తినలే.

మర్నాడు ఫోన్ మోగింది. కంపెనీల కాగితాల పని చూసే గోపాలు.

"మంగీ, అకామా రూల్సు మళ్ళ మారినయ్ రా."

అకామా అంటే ఆ దేశంల ఉండనిచ్చే కార్డు. ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలె, చేయించుకున్నప్పుడల్లా కొత్త షరతు. ఒకసారి ఎక్సరే అన్నరు, ఒకసారి వేలిముద్రలన్నరు, ఇంకోసారి పెండ్లి కాగితానికి ముద్రలన్నరు. అన్నీ చేసిండు పాపం.

"ఇప్పుడేందంట?"

"నీడ గావాల్నంట. ఎవ్వని నీడ వాని కాళ్ళకు ఉండాలె. ఖమ్మంల సెంటరు పెట్టిండ్రు, ఎండల నిలబెట్టి చూసి ముద్రేస్తరు. బేస్తారం ఆఖరు. ఆనాడు పడకుంటే ఫైలు మూసేస్తరు, నీ జాగల ఇంకొకన్ని పెడ్తరు. నా చేతుల ఏం లేదు. నీడ ఉన్నది గద?"

"ఎందుకు లేదు? ఉన్నది!" అన్నడు మంగీలాల్. వేరేటోడైతే తల పట్టుకునేటోడు. వీనికి పండుగైంది. దాన్ని ద్వాలి పక్కనుంచి లేపే సాకు దొరకక సచ్చిపోతున్నడు, ఇప్పుడు సర్కారే దొరకబట్టి ఇచ్చింది.

వాకిట్లకు పోయి నీడ మీద నిలబడ్డడు. అది పక్కకు జరిగింది. మళ్ళ నిలబడ్డడు, మళ్ళ జరిగింది. "ఏయ్, నాకు పుట్టినదానివి నువ్వు! నడువ్!" అని కసిరిండు. నీడ పోయి ద్వాలి ఎనుక నిలబడ్డది. ద్వాలి ఎండిన కాయల తాలు ఏరుడు ఆపి తలెత్తింది.

"దానిమీద ఎందుకు ఒర్రుతున్నవ్?"

"నాది నేను తీస్కపోతున్న. నీడ చేసి పొమ్మన్నవ్, స్లాబు ఏయించిన. మాట తప్పిన్నా? ఇంక దీంతోటి నీకేం పని?"

ద్వాలి చేతిల తాలుకాయ పక్కకేసింది. తర్వాత మెల్లగ అన్నది, "నేనడిగింది స్లాబని నీకెవరు చెప్పిండ్రయ్యా?"

మంగీలాల్ తలెత్తి స్లాబు దిక్కు చూసిండు.

"నేనడిగింది దీనికి సమజైంది. నీకు కాలే. నేను గూడ మల్ల ఇప్పి చెప్పలే, ఫోన్ల ఏం చెప్తం." చేతులు దులుపుకొని నీడ దిక్కు తిరిగింది. "పో. ఆయన్ది ఆయనకు ఇయ్యాలె గద. పో."

నీడ లేచి, వాకిలి దాటి వచ్చి, మంగీలాల్ కాళ్ళకాడ కూలబడ్డది. పిలిస్తే రానిది ఆమె పొమ్మంటే వచ్చింది. గెలిచిన్ననే సంతోషం కంటే ఆ కోపమే వానికి ఎక్కువైంది.

బేస్తారం పొద్దున్నే ఖమ్మం పోయిండు. సెంటరు ఎనుక వాకిలిల ఎండ పడే జాగ ఉన్నది, అండ్ల సున్నంతోటి గీత గీసిండ్రు. మధులత అని ఒక మేడం, మనుషుల్ని గీత మీద నిలబెట్టి చూసి ముద్రేస్తున్నది. మంగీలాల్ నిలబడ్డడు. ఆమె చూసింది, మొఖం చిట్లించి మళ్ళ చూసింది.

"అన్నా, సూర్యుడు తూర్పున ఉన్నాడు కదా, నీ నీడ పడమరకు పడాలి. ఇదేంటి, ఎదురు పోతున్నది?"

నిజమే. అందరి నీడలు ఒక దిక్కు, వీనిది ఒక్కటి సూర్యునికి ఎదురు, గోడ ఎక్కి మరీ చూస్తున్నట్టు ఉన్నది.

"అటు మా తండ ఉన్నది మేడం."

"అయితే ముద్ర పడదన్నా. నీడ ఎటు పడితే నివాసం అటు అని రాసుకోమన్నారు మాకు." వాని మొఖం చూసి ఆమెకు జాలైందో ఏమో, గొంతు తగ్గించింది. "ఒక పని చెయ్. పొద్దు వాలినాక రా. అప్పుడు అందరి నీడలు తూర్పుకే పడతాయి, నీది కూడా. ఎవరు కనిపెడతారు? మూసేలోపు వస్తే వేసేస్తా."

ఆహా, దేవత! మంగీలాల్ ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టిండు. బయటికొచ్చి బస్టాండు ఎదురుంగ హోటల్ల కడుపునిండ తిన్నడు, చాయ తాగిండు, పొద్దు వాలుడు కోసం కూసున్నడు. ఎండ దంచుతున్నది. ఊకనే ఉండలేక ద్వాలికి ఫోన్ చేసిండు. జ్యోత్స్న ఎత్తింది. తండల అమ్మను యాడి అంటరు.

"బడి అయిపోయిందా బిడ్డా? యాడి ఏం చేస్తంది?"

"కాయ ఏరుతంది."

"ఎండ బాగున్నదా ఆడ?"

"మస్తున్నది. పొద్దున యాడికి కండ్లు తిరిగినయ్, గట్టు మీద కూలబడ్డది. దస్రు బాబాయి పెద్ద గొడుగు తెచ్చి పాతిండు. సంతల పెడ్తరు సూడు, రంగురంగులది. ఇప్పుడు యాడి దాని కిందనే ఉన్నది. సల్లగుంది బాపూ, నేను గూడ ఈడనే ఉన్న."

"దస్రు ఏడున్నడు?"

"ఈడనే."

మంగీలాల్ ఫోన్ పెట్టేసిండు. ఇంకో చాయ చెప్పిండు గానీ తాగలే. పెద్ద గొడుగంట. రంగురంగులదంట. ఎవడడిగిండు వాన్ని? నా చేన్ల, నా పెండ్లాం మీద గొడుగు పాతనీకి వాడెవడు? ఇన్నాళ్ళు సొంత నీడను చూసి కుళ్ళుకున్నోడు, అది ఎంతైనా తనదే గద అని ఇప్పుడు అనుకున్నడు. కాళ్ళ దిక్కు చూసిండు. నీడ బల్ల కిందినుంచి బయటికి సాగి, ఏన్కూరు బస్సు ఆగే కాడికి ఎప్పుడో పోయి ఉన్నది. దాని భుజాల మీద పలుచబడ్డది, బాగా ఉతికిన లుంగీ లెక్క. ఎన్ని ఎండాకాలాలు మోసిందో. ఇన్నాళ్ళు వాడు దాన్ని గంత దగ్గర్నుంచి చూడలే.

బస్సు కదులుతుంటే ఉరికి ఎక్కిండు. కండక్టరు టికెట్ ఇచ్చినంక గానీ ఏం చేసిండో వానికే తెల్వలే. సగం దారిల గోపాలు ఫోన్.

"ముద్ర పడ్డదారా?"

"పడలే."

"మూసే టైమైతంది, ఏడున్నవ్?"

"ఇంటికి పోతున్న."

"ఎందుకురా?"

"దస్రు గొడుగు తెచ్చిండు."

గోపాలుకు ఒక్క ముక్క సమజుగాక, తిట్టి పెట్టేసిండు. అన్నేళ్ళ కొలువు అట్ల పోయింది. మంగీలాల్ కిటికీల నుంచి చూసుకుంట కూసున్నడు. ఏడ్పొచ్చింది గానీ, దిగి ఎనుకకు పోవాలని మాత్రం అనిపించలే.

రోడ్డు మీద దిగేసరికి పొద్దు వాని ఎనుక వాలింది. నీడ ముందుకు పడ్డది, ఇప్పుడు సూర్యునికీ దానికీ తగువు లేదు. గట్టు దాటింది, మోటరు దాటింది, మిరపసాళ్ళ మీదినుంచి సాగిపోతనే ఉన్నది. వాడు ఉరుకుతున్నడు గానీ అది ముందున్నది. ద్వాలి కూసొని సంచి మూతి కడుతున్నది. గొడుగు మడిచి గట్టు మీద పెట్టి ఉన్నది, దస్రు ఎప్పుడో పోయిండు. నీడ తల పోయి ఆమె ఒళ్ళె వాలింది.

ద్వాలి తలెత్తలే. సంచి తాడు పట్టుకునే, "వచ్చినవా?" అన్నది.

గాలికి ఆ మాట వానిదాకా వచ్చింది గానీ, ఎవర్నడిగిందో మంగీలాల్‌కు తెల్వది. ఇంకా రెండు చేన్ల అవతల ఉన్నడు. ఆగకుండనే, నీడ చెప్పకముందే చెప్పాలని, ఊపిరంతా కూడగట్టుకొని ఆడికెంచే కేక పెట్టిండు.

"వచ్చిన్నే! నేనే, వచ్చిన!"