సత్తయ్య ఇంటి ఎలుకల సోదా

"ఎలుకలా? మళ్లానా?"

గేటు దగ్గరి ఫోన్లో సత్తయ్య అరిచిన ఈ అరుపు, వెనకాల తిరుగుతున్న దాణా మర దడదడలో సగం నలిగి, పది అడుగుల అవతల బీడీలు ముట్టిస్తున్న లోడింగు వాళ్ల చెవుల్లో "ఎలక్షనా? మళ్లానా?" అని పడింది. పోయిన ఆషాఢంలోనే యూనియన్ ఎన్నికలయ్యాయి. ఓడినవాళ్ల గొంతులు ఇంకా బొంగురు విడలేదు. టీ గంట కొట్టేలోపు ఒక వర్గం తన జెండా దులిపింది. రెండో వర్గం మొదటి వర్గాన్ని దులిపింది. మేనేజరు ఆయాసపడుతూ గేటు దాకా నడిచొచ్చి "ఎవరయ్యా ఎలక్షనన్నది?" అనేసరికి, అందరి వేళ్లూ సత్తయ్య మీదికి తిరిగాయి.

"ఎలక్షన్ గాదు సార్, ఎలుకలు. మా ఇంట్ల నిలబడ్డయి."

"ఎన్ని?"

"నామినేషన్లు ఇంకా వస్తనే ఉన్నయి సార్."

అందరూ నవ్వారు. సత్తయ్య మాత్రం నవ్వలేకపోయాడు. బీరంగూడ ఎస్టీడీ బూతు నుంచి భార్య అరుణమ్మ చెప్పింది ఎలుకల సంగతి ఒక్కటే కాదు మరి.

"బియ్యం డబ్బా మూత తీస్తే ఎగిరి నా మీద పడ్డది. రెండు నెలల సంది మొత్తుకుంటున్న, నీకు పట్టలేదు. ఇగ నాతోని కాదు. జోగిపేట మా అన్న ఇంటికి పోతున్న. ఆఖరి ఎలుక పోయినంక కబురంపు, వస్త. అది పోకుంటే నేను రాను, గంతే!"

ఆ గంతేతో ఫోను గంతేసి పెట్టెక్కింది.

అది తొంభై ఆరో సంవత్సరం, కార్తీక మాసం. పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి రోడ్డు పక్కనున్న ఆ పశువుల దాణా ఫ్యాక్టరీలో సత్తయ్య పన్నెండేళ్లుగా గేటు కాపలా. బయటికి పోయే ప్రతి మనిషినీ భుజాల నుంచి మడమల దాకా తడమడం, ప్రతి టిఫిను డబ్బా మూతా తీయడం, సైకిలు సీటు కింద వేలు పెట్టడం అతని పని. జీతం ఒకటో తారీఖునే వస్తుంది గాని అనుమానం రోజూ వస్తుంది. దాన్ని గేటు దగ్గర వదిలి ఇంటికి రావడం అతనికి చేతకాలేదు. బస్సులో పక్కవాడు తుమ్మినా ఎందుకు తుమ్మాడా అని ఆలోచిస్తాడు.

ఇల్లు బీరంగూడలో. రెండు పోర్షన్లు. ముందు పోర్షన్లో దేవదానం అనే సైన్సు సారు, ఆయన భార్య దయావతి కిరాయికి ఉంటున్నారు. వెనక పోర్షన్లో సత్తయ్య, అరుణమ్మ ఉండేవాళ్లు. అరుణమ్మ పోయింది కాబట్టి ఇప్పుడు సత్తయ్య, ఎలుకలు. మెజారిటీ ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే సంతబజారులో ఇనుప బోను కొన్నాడు. మొదటి రోజు కొబ్బరి ముక్క కట్టాడు. రెండో రోజు ఉల్లిగడ్డ పకోడి. మూడో రోజు ఎండుచేప. తెల్లారి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. బోనులో భోజనం బోలెడు, భోక్తే లేడు. ఎలుకలు మాత్రం అతని ఖాకీ చొక్కా కాలరు కొరికాయి, విజిలుకు కట్టిన తాడు కొరికాయి, ఒంటిసబ్బును అరగదీశాయి. అన్నీ కొరికి, తినాల్సిన పకోడిని మాత్రం తాకలేదు.

"మందు గూడ పెట్టిన యాదన్నా, ముట్టలే," అన్నాడు, డ్యూటీ మార్చుకోవడానికి వచ్చిన రెండో కాపలాదారుతో.

"నాకెన్నడన్న పెట్టినవా అన్నా? నేనైతే ముట్టేటోన్ని," అన్నాడు యాదన్న.

పొద్దున ఇంట్లో పొయ్యి వెలగదు. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ, మధ్యాహ్నం అక్కడే అన్నం, రాత్రి మళ్లీ అక్కడే ఇడ్లీ. హోటలువాడు అలవాటుగా రెండు గ్లాసుల చాయ్ పెట్టి, "అక్క రాలేదా?" అని అడిగినప్పుడు సత్తయ్య రెండో గ్లాసు కూడా తనే తాగి లేచాడు. అరుణమ్మ మాటకు తిరుగు లేదు. చెల్లెలి పెళ్లిలో మటన్ కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకసారి అలిగి, పదమూడు రోజులు మాట్లాడని మనిషి. ఉప్పుకే పదమూడు రోజులైతే ఎలుకకు ఎన్ని?

నాలుగో రోజు నుంచి సత్తయ్య ఎలుకల్ని వెతకడం మానేసి మనుషుల్ని వెతకడం మొదలుపెట్టాడు. లెక్క సూటిగా ఉందనిపించింది. తిండి తినని ఎలుక ఉండదు. బోనులోది తినడం లేదంటే కడుపు ఎక్కడో నిండుతోంది. అంటే ఎవరో పెడుతున్నారు. ఎవరు?

బోను అమ్మినవాడి మీద రెండు గంటలు అనుమానపడ్డాడు. ఎలుకలుంటేనే కదా వాడికి బేరం. ఎదురింటి పిల్లి మీద ఒక పూట అనుమానపడ్డాడు. దాని పొట్ట నిండుగా ఉంది, చూపు దొంగచూపుగా ఉంది. ఎలుకలతో అది ఏదో ఒప్పందం చేసుకుని ఉంటుంది. ఆ తర్వాత రెండు పోర్షన్ల మధ్య గోడకు చెవి ఆనించాడు.

గలగలా బియ్యం పడిన చప్పుడు వినిపించింది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మర్నాడు మొక్కలకు నీళ్లు పోసే నెపంతో వాళ్ల వంటగది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ ఇంట్లో మొక్కలు లేవన్న సంగతి నిలబడ్డాక గుర్తొచ్చింది. లోపల దయావతి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, గోడవారనున్న మట్టికుండలో వేసింది. ఆ గోడ సత్తయ్య గోడే.

'నా గోడకు ఆనించి, బియ్యం పోసి, మంత్రం చదివి మరీ మేపుతున్నరా!' అనుకున్నాడు. కారణం కూడా వెంటనే దొరికింది. పోయిన ఎండాకాలం నల్లా దగ్గర ఆమెకూ అరుణమ్మకూ మాటా మాటా అయింది. నీళ్ల కాడి పగ ఇన్నాళ్లకు బియ్యం కాడ తీరుస్తోందన్నమాట. కారణం దొరికిన అనుమానం కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది, ఇక లేవదు.

ఆదివారం పొద్దున దేవదానం ఇస్త్రీ చొక్కాలో, దయావతి చేతిలో గుడ్డసంచితో చర్చి గుడికి బయల్దేరారు. ఇంటి గేటు దగ్గర సత్తయ్య, ఎలుకలు కొరికిన కాలరు ఖాకీ తొడుక్కుని నిలబడి ఉన్నాడు.

"సంచి సూపెట్టు చెల్లె."

"ఏంది సత్తన్నా గిది?" అన్నాడు దేవదానం.

"సోదా."

"మా ఇంట్లకెల్లి మేం పోతుంటే సోదానా?"

సత్తయ్య చేతికి పన్నెండేళ్ల అలవాటు, అది ముందే సంచిలోకి పోయింది. మూడు, నాలుగు సేర్ల బియ్యం తగిలాయి.

"దొరికినయి! ఎలుకలకు మేపే బియ్యం గివేనా?"

దయావతి సంచి లాక్కోలేదు. "గిది పిడికెడు బియ్యమన్నా. వండే ప్రతిసారి మా నోటికాడికెల్లి ఒక పిడికెడు తీసి, ప్రార్థన జేసి పక్కన పెడ్తం. నెలకోపాలి గుడికి పట్టుకపోతం. ఆడికెల్లి లేనోళ్ల ఇండ్లకు పోతయి. మా అవ్వ పెట్టింది, మా అమ్మ పెట్టింది. గిన్నేండ్లల్ల దీంట్ల చెయ్యి పెట్టి సూసినోడివి నువ్వే."

సత్తయ్య చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. దాన్ని ఎలా బయటికి తీయాలో అతనికి తెలియలేదు.

దేవదానం కోపం మింగి, బడిలో మొద్దు పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు. "అన్నా, బియ్యమున్న కుండ మా దిక్కున్నది. దాని మీద మూత ఒక సత్తు పళ్లెం, గంతే. ఒక్క ఎలుక రాలే. బియ్యం దగ్గరికి రాని ఎలుకలు గోడకు అవతల మీ ఇంట్లకు ఏం సూసి వస్తున్నయి? ఎవరు జేసిన్రని మమ్ముల అడుగుతున్నవు. మీ ఇంట్లకు ఏమేం వస్తయో ఎన్నడన్న సూసుకున్నవా?"

"నేను బయటికి పోయేదే సూస్త సారూ. లోపటికి వచ్చేది నా డ్యూటీ కాదు," అన్నాడు సత్తయ్య. అనేశాక ఆ మాట తనకే తేడాగా వినిపించింది.

వాళ్లు గుడికి వెళ్లిపోయారు. సత్తయ్య గుమ్మంలో కూర్చుని, మొదటిసారిగా తన ఇంట్లోకి వచ్చేవాటిని తలుచుకున్నాడు. అరుణమ్మ తెచ్చే కూరగాయలు. నెలకోసారి బియ్యం. ఇంకా? తను తెచ్చేది ఒక్కటే. దాణా నింపడానికి పనికిరాని గోనెసంచులు నెలకు పదేసి గేటువాళ్లకు ఊరికే ఇస్తారు. అరుణమ్మ అన్న రామన్నకు జోగిపేటలో వరి కోతలకు అక్కరకొస్తాయని వాటిని సైకిలుకు కట్టుకొచ్చి అటక మీద వేస్తున్నాడు. ఎప్పటినుంచి? శ్రావణం నుంచి. ఎలుకలు ఎప్పటినుంచి? ఆ లెక్క వేయబుద్ధి కాలేదు. నిచ్చెన వేశాడు.

మొదటి సంచి మడత విప్పగానే ఒకటి అతని భుజం మీదుగా దూకి పోయింది. రెండో సంచి అడుగు మూలలో జొన్న రవ్వ, నూనె తీసిన పల్లి చెక్క, బెల్లపు మడ్డి కలిసిన దాణా గడ్డకట్టి పిడికెడుంది. దాని పక్కనే గోనె పీచును దూదిలా ఏకి కట్టిన గూట్లో గులాబీ రంగు పిల్లలు ఐదు. ప్రతి సంచీ అంతే. పైన పెళ్లి విందు జరుగుతుంటే కింద బోనులోని పకోడి కోసం ప్రాణం మీదికి ఎవరు తెచ్చుకుంటారు?

సత్తయ్య అటక మీదే కూలబడ్డాడు. గేటులో ఒక కట్టుబాటుంది. డ్యూటీ దిగే కాపలాదారును డ్యూటీ ఎక్కే కాపలాదారు సోదా చేయాలి. యాదన్న ఒక్కనాడూ చేయలేదు. "నిన్ను తడిమితే నా చెయ్యి పడిపోను!" అని దండం పెట్టేవాడు. సత్తయ్యకు అది మర్యాదగా ఉండేది. గేటు పాసు మీద 'ఖాళీ సంచులు పది' అని ఉంటే, ఖాళీయో కాదో తనే చూసుకోకుండా తనే ముద్ర కొట్టుకున్నాడు. ఊరందరి డబ్బాల మూతలు తీసినవాడు తన సంచి మడత విప్పలేదు. ఎలుకలు కన్నం వేసి రాలేదు. సత్తయ్య ముద్రతో, సత్తయ్య సైకిలు మీద, సత్తయ్య ఇంటికి దర్జాగా వచ్చాయి. బడికి పోకుండానే పాసయ్యాయి.

సంచులు కిందికి విసురుతూ చూస్తే నలభైకి ముప్పయ్యే ఉన్నాయి. మిగతా పది? అరుణమ్మ పుట్టింటికి ఒట్టి చేతులతో పోదు.

నిచ్చెన దిగేసరికి గేటు ముందు ఆటో ఆగింది. దాంట్లోంచి ముందు గోనెసంచుల కట్ట, తర్వాత రామన్న, ఆఖరున అరుణమ్మ దిగారు. అప్పుడే గుడి నుంచి వస్తున్న దేవదానం, దయావతి కూడా ఆగిపోయారు.

అరుణమ్మ గడప తొక్కలేదు. "ఏమయ్యా, నీ ఎలుకలు జోగిపేటకు గూడ వచ్చినయి! మా వదినె ఏమన్నదో ఎరుకేనా? 'మొగని మీద అలిగొస్తే అలిగొచ్చినవు, ఎలుకలనెందుకు తోలుకొచ్చినవు' అన్నది. పుట్టినింట్ల గంత మాట పడ్డంక నేనేడుండాలె? ఆడ నేను ఎలుకల దాన్ని. ఈడ ఎలుకలే ఉన్నయి."

"నేనేమనలే బావా," అన్నాడు రామన్న, ఆటోకే చెప్పినట్టు.

కళ్లనీళ్లు పెట్టుకున్న భార్యను చూసి సత్తయ్య అనుమానాలన్నీ ఒక్కసారిగా ఉద్యోగం మానేశాయి. "నీ తప్పు లేదు అరుణా, నాది," అని సంచి మూల విప్పి చూపించాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. దయావతి సంచి సంగతి దగ్గరికొచ్చేసరికి నసిగాడు గాని అరుణమ్మ పట్టేసింది.

"గుడి బియ్యంల చెయ్యి పెట్టినవా? ముందు ఆ చెల్లెకు దండం పెట్టు."

పెట్టాడు. దయావతి తల తిప్పుకుంది. కాసేపటికి అరుణమ్మ చెయ్యి మాత్రం పట్టుకుంది. "అక్కా, బోను ఒట్టిగ ఉండేదాక మా ఇంట్ల పండు. నల్లా కాడ లొల్లి నల్లా కాడనే ఉండనీ."

ఆ రోజంతా సంచుల్ని రోడ్డు అవతల కర్రలతో కొట్టి, కాగిన నీళ్లలో ముంచారు. అటక ఊడ్చారు. గోడ మూలల్లోని బొక్కల్లో గాజుపెంకులు కుక్కి సిమెంటు పూశారు. ఇంట్లో గింజ మిగల్లేదు. అదే బోనులో అదే కొబ్బరి ముక్క కట్టాడు సత్తయ్య. మొదటి పొద్దున నాలుగు దొరికాయి, రెండో పొద్దున రెండు, మూడో పొద్దున ఒక్కటి. నాలుగో పొద్దున ఖాళీ. నమ్మకం కుదరక ఐదో పొద్దున బోనును తలకిందులు చేసి దులిపాడు. ఖాళీయే.

"ఇగ రావే," అన్నాడు దయావతి గుమ్మం ముందు నిలబడి.

"వస్త. ముందు జోగిపేటకు ఫోన్ చెయ్. నేను ఎలుకల దాన్ని కాదని మా వదినెకు నీ నోటితో చెప్పు."

రామన్న ఇంటి పక్క కిరాణా దుకాణానికి ఫోనుంది. దుకాణపాయన పిలిస్తే అరుణమ్మ వదిన సుమిత్ర వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది. బూతు బయట ఎనిమిది మంది క్యూలో ఉన్నారు. లైను గరగరమంటోంది, సత్తయ్య గొంతు పెంచక తప్పలేదు.

"సుమిత్రా, జెర ఇను! ఎలుకలను అరుణ తేలే. నేను తెచ్చిన. మా ఫ్యాక్టరీల సంచులల్ల ఉండె. ఆ, సంచులల్ల! గేటు కాడ సూడాల్సింది నేనే, సూడలే. ఖాళీ అనుకోని ముద్ర కొట్టిన. ఆమెకు ఎరుక లేక పది సంచులు మీ ఇంటికి పట్టుకొచ్చింది. ఎలుకలు నావి, తప్పు నాది. మీ ఇంట్ల ఉన్నయి గూడ నావే. రేపు బోను తీస్కొని నేనే వస్త, ఆ సంచులున్న మూల ఊడ్చిపెట్టు!"

క్యూలో వాళ్లు, బూతాయన, రోడ్డు మీద సోడాబండివాడు అందరూ విన్నారు. వినని బీరంగూడ లేదు. అరుణమ్మ ఫోను అందుకుంది.

"ఇన్నవా వదినె?" అని కాసేపు అవతలి మాట వింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, సరే, నువ్వు గూడ మనసుల పెట్టుకోకు. ఉంట మరి. ఇంటికి పోయి పొయ్యి ముట్టియ్యాలె, ఈ మనిషి పది దినాల సంది ఇడ్లీ మీదనే ఉన్నడు."