బస్సు వెనక కారు

సుదర్శన్ నాలుగు గోళ్ళరంగు సీసాలనూ ఒక్క గుప్పిట్లో పట్టుకుని, పెరటి గడపలో నిలబడి, బట్టలుతికే బండమీదికి విసిరికొట్టాడు. మెరూన్ సీసా పగిలి బండంతా చిమ్మింది. ఎరుపుదీ కాఫీ రంగుదీ మెడల దగ్గర విరిగాయి. ముత్యపు రంగుది మాత్రం పగలకుండా దొర్లుకుంటూ పోయి నీళ్ళతొట్టి పక్కన ఆగింది.

"బస్టాండులో నిలబడుకోని మిర్చి తింటాండావంట," అన్నాడు. "నిన్న లారీ ఓనర్ల ఆఫీసులో అందరి ముందర అడిగినారు. ఏమప్పా సుదర్శన్, మీ ఇంట్లో డీజిల్ అయిపోయినాదా, మీ ఆమె ఫ్రీ బస్సులో తిరుగుతాంది అని. నవ్వినారు. నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

రోహిణి ఎడమచేతి రెండు వేళ్ళకు అప్పటికే రంగు పడింది. మెరూన్ సీసా మూతా, దానికున్న కుంచే ఇంకా ఆమె కుడిచేతిలోనే ఉన్నాయి.   వాటిని గడప పక్కన పెట్టింది.

వంటింట్లోంచి అత్త ప్రమీలమ్మ చూసింది. కొడుకును ఒక్క మాటా అనలేదు. "చెప్పులేసుకోని పో రోహిణీ, గాజు గుచ్చుకుంటాది," అంది.

రోహిణి వంగి గాజుపెంకులు ఏరింది. పగలగొట్టినవాడు కాకుండా తను ఎందుకు ఏరుతోందో ఆమెకే అర్థం కాలేదు. సగం ఏరి, మిగతావి అక్కడే వదిలేసి లేచింది.

కురుగోడులో వాళ్ళది పెద్ద ఇల్లు. కాలవ కింద పొలం, తోరణగల్లు వైపు తిరిగే లారీలు, వాకిట్లో రెండు కార్లు. రోహిణి పుట్టిల్లు తెక్కలకోట. బళ్ళారిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. ఆ రోజుల్లో గదిలోని నలుగురమ్మాయిలకూ కలిపి ఒకే గోళ్ళరంగు సీసా ఉండేది. ముదురు మెరూన్. శనివారం సాయంత్రం ఒకరి చేతులు ఒకరు పట్టుకుని పూసుకునేవాళ్ళు, ఆరేదాకా చేతులు గాలిలో ఊపుకుంటూ బెంగళూరు రోడ్డు అంగళ్ళ వెంట నడిచేవాళ్ళు. కొనేదేమీ ఉండేది కాదు. చూడటమే పని. అప్పటినుంచీ ఆమెకు ఆ రంగంటే ఇష్టం. ఎరుపు మరీ పెళ్ళికూతురి రంగు. గులాబీ వేసుకుంటే ఉందో లేదో తెలియదు. మెరూన్ వేసుకున్న చెయ్యి మాత్రం కూర కలుపుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, ఇది నా చెయ్యి అని చెబుతున్నట్టు ఉంటుంది.

పెళ్ళయ్యాక బళ్ళారి వెళ్ళడమంటే కారులో వెళ్ళడమే. డ్రైవర్ ఈరేశ్ అంగడి మెట్ల దగ్గరే ఆపేవాడు, బయటికి రాగానే తలుపు తీసేవాడు. నల్ల అద్దాల్లోంచి ఊరంతా మబ్బు పట్టినట్టు కనిపించేది. చేలు కూడా సరిగా కనిపించేవి కావు, వాటి గట్లే కనిపించేవి.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశాక, ఒకరోజు రెండు కార్లూ ఇంట్లో లేనప్పుడు, బస్సెక్కింది. ఎత్తులో కిటికీ పక్కన కూర్చుంటే మిరపచేల ఎరుపు కాలవ దాకా పరుచుకుని కనిపించింది. మిద్దెల మీద ఆరబోసిన పప్పులు, గొడుగు కింద కూర్చుని పక్షుల్ని తోలే ముసలమ్మలు కనిపించారు. బళ్ళారిలో దిగి తన ఇష్టం వచ్చిన సందులో తిరిగింది. బండి దగ్గర నిలబడి బొరుగుల వగ్గాని, మిర్చి తింది. నిమ్మకాయ సోడా తాగింది. ఒక గాజుల అంగట్లో మహాదేవి అనే ఆమె గోళ్ళరంగుల పెట్టె ముందు పెట్టి, "ఒక్కో వేలికి ఒక్కోటి ఏసి చూడక్కా, ఏది నప్పుతాదో," అంది. ఎవరి భార్యవి అని ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు. అప్పటినుంచీ నెలకోసారి, రెండుసార్లు, బస్సులోనే పోయి వచ్చేది. అంతే. ఆమె చేసిన నేరమంతా అదే.

సీసాలు పగిలిన ఆ గురువారమే, పదకొండు కాకముందే రోహిణి చీర మార్చుకుని సంచీ తీసుకుంది.

"యాడికి?" అన్నాడు సుదర్శన్.

"బళ్ళారికి. మెరూన్ కొనుక్కోవల్ల."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, గొంతు తగ్గించాడు. "పో. వద్దన్న్యానా నేను? కార్లో పో. ఈరేశ్ తోడుకోనిపోతాడు."

ఆమె కారులో కూర్చుంది. ఊరు దాటింది. కోళూరు క్రాస్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు కనిపించగానే, "ఈరేశ్, ఆపు," అంది. అతను ఆపాడు. దిగి, తలుపు గట్టిగా వేసి, ఆ ఆడవాళ్ళ మధ్యకు పోయి నిలబడింది.

"అక్కా, అన్న నన్ను తిడతాడు," అన్నాడు ఈరేశ్ అద్దం దించి.

"తిట్టనీ. నువ్వు ఇంటికి పో."

బస్సు వచ్చింది. కండక్టర్ "ఆధార్ తోర్సమ్మా," అన్నాడు. చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. వెనక వరసలో, ముల్లంగి గంపను కాళ్ళ మధ్య పెట్టుకున్న ముసలామె పక్కన చోటు దొరికింది. కాసేపటికి ఆ ముసలామె వెనకద్దంలోంచి అదే పనిగా చూడసాగింది.

"ఆ తెల్లకారు అప్పట్నించీ మన ఎనకాలే వస్తాంది. ముందుకు పోదు, ఎనకబడదు. ఎవురిదో ఏమో."

రోహిణి తిరిగి చూసింది. బస్సు ఆగితే కారూ ఆగుతోంది. కదిలితే కదులుతోంది.

"మాదే," అంది.

"మీదా? మరి నువ్వు ఈడుండావేమ్మా?"

"అందుకే ఈడుండా."

 ముసలామె గంపను కొంచెం జరిపి, ఆమె కాళ్ళకు చోటిచ్చింది. రోహిణి కిటికీలోంచి చూద్దామని ప్రయత్నించింది. చేలు ఉన్నాయి, మిద్దెలు ఉన్నాయి. ఏవీ కంటికి ఆనలేదు. మెడ వెనక ఎవరో ఊపిరి విడుస్తున్నట్టు ఉంది. తనకు ఇష్టమైన ఆ గంట ప్రయాణాన్ని కూడా పాడుచేశారు.

బళ్ళారి బస్టాండులో దిగి నడుస్తుంటే ఈరేశ్ కారు ఎక్కడో పెట్టి, కొంచెం దూరంలో వెనకాలే వచ్చాడు. ఆమె సందు తిరిగితే అతనూ తిరిగాడు. సోడా బండి దగ్గర ఆగితే అతను చెప్పుల అంగడి ముందు ఆగి చెప్పులు చూస్తున్నట్టు నటించాడు. ఆమె సోడా తాగకుండానే కదిలింది.

గాజుల అంగట్లో మహాదేవి నవ్వుతూ పెట్టె తెరిచింది. "మెరూనే కదక్కా? కూచో. నేనే ఏస్తా ఇయ్యాల." రోహిణి చెయ్యి చాపింది. బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది. తలెత్తేసరికి ఎదురుగా ఈరేశ్ ఫోన్ ఎత్తిపట్టుకుని ఉన్నాడు. ఫొటో తీస్తున్నాడు.

ఆమె లేచి బయటికి వచ్చింది. తడి గోళ్ళు విడిగా పట్టుకునే వచ్చింది.

"ఎవురికి పంపిస్తాండావ్?"

ఈరేశ్ ఫోన్ దించాడు. నలభై ఏళ్ళ మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. తల ఎత్తలేకపోయాడు. "అన్నకే."

"ఇయ్యాల పంపమన్యాడా?"

"ఇయ్యాలేంది అక్కా." అతనికి నిజంగానే ఆశ్చర్యం కలిగినట్టుంది. "మొదట్నించీ అంతే కదా. యాడ దిగినారు, ఎవురితో మాట్లాడినారు, ఎంతసేపున్నారు, అన్నీ చెప్పల్ల. మీకు తెలుసనుకున్యా."

"మా అమ్మను ఆస్పత్రిలో పెట్టినప్పుడు గూడానా?"

"అప్పుడు గూడా."

రోహిణికి ఆ ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. తోడబుట్టిన అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చింది అక్కడ. కాలేజీలో తనతో చదివిన గురునాథ్ కనిపిస్తే, ఇద్దరూ బెంచీ మీద కూర్చుని టీ తాగారు. ఆ రాత్రి సుదర్శన్ మాటల మధ్యలో, మీ కాలేజీవాళ్ళు ఇంకా ఎవరైనా బళ్ళారిలో ఉన్నారా అని అడిగాడు. తన గురించి ఇన్నాళ్ళకు అతనికి ఆసక్తి కలిగిందని ఆమె సంతోషించి, ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఆ పేర్లన్నీ ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది.

"ఇది పని అంటారా ఈరేశ్? నీకు సిగ్గు లేదా?"

"ఉండాదక్కా," అన్నాడతను మెల్లగా. "బండి నడిపేకి చేరినా నేను. ఆడోళ్ళ ఎనకాల నడిచేకి కాదు. వద్దంటే ఈ పనీ పోతాది. నేనేం చేసేది, చెప్పండి."

ఆమె అతన్ని ఇంకా తిట్టబోయి ఆగింది. తిట్టాల్సిన మనిషి ఇక్కడ లేడు. అక్కడే నిలబడి సుదర్శన్‌కు ఫోన్ చేసింది.

"నన్ను చూడాలంటే మనిషిని పంపొద్దు. నువ్వే రా. గాజుల అంగట్లో ఉంటా. ఈరేశ్‌కు తెలుసు యాడో." అతను మాట్లాడుతుండగానే పెట్టేసింది.

మహాదేవి ఆమె గోళ్ళకు మరో పూత వేస్తుండగా రెండో కారులో సుదర్శన్ వచ్చాడు. తెల్లచొక్కా, ముఖం నిండా చెమట. మెట్లెక్కకుండా కిందే నిలబడ్డాడు. "లెయ్. కార్లో మాట్లాడుకుందాం."

"ఈడే మాట్లాడు. నా మీద మనిషిని పెట్టినావా?"

"నీ మంచికే పెట్టినా. కాలం బాగలేదు. రేపు ఏమన్నా అయితే?"

"నా మంచికయితే నాకెందుకు చెప్పలేదు?"

అతను పక్క అంగళ్ళ వైపు చూశాడు. జనం చూస్తున్నారు. "చాలు, లెయ్," అని రెండు మెట్లెక్కి ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. పెట్టె ఒరిగి సీసాలు చెల్లాచెదురయ్యాయి. ఆమె చెయ్యి వెనక్కి గుంజుకుంది. తడి మెరూన్ అతని చొక్కా కఫ్ మీద అడ్డంగా గీసుకుపోయింది.

"సార్, చెయ్యి ఇడ్సండి," అంది మహాదేవి. గట్టిగా అనలేదు, కానీ లేచి నిలబడింది. "నా అంగడి ఇది."

సుదర్శన్ వదిలేశాడు. ఆడమనిషి చెప్పిందని కాదు, పది కళ్ళు చూస్తున్నాయని వదిలాడు. రోహిణికి అది తెలుసు. అది తెలిసి ఇంకా కోపం వచ్చింది.

"నీ పరువు కోసం నా సీసాలు పగలగొట్టినావు. నీ అనుమానం కోసం నన్ను ఇన్నేండ్లు దొంగ మాదిరి చూసినావు. నేను బస్సులో వస్తా. ఆ కారు మళ్ళా నా ఎనకాల కనిపించిందంటే, ఆ లారీ ఆఫీసుకే వచ్చి, అందరి ముందరా అడుగుతా. అప్పుడు నవ్వేది నన్ను చూసి కాదు."

వెనక్కి తిరిగి కూర్చుని, చెరిగిన గోళ్ళు మహాదేవి ముందు పెట్టింది. "తుడిచి మళ్ళా ఎయ్యి."

మహాదేవి దూదితో తుడిచి, మొదటినుంచి వేసింది.   రోహిణి అన్ని వేళ్ళూ అయ్యేదాకా, ఆరేదాకా, కదలలేదు. సుదర్శన్ కాసేపు వీధిలో నిలబడి, ఫోన్ చూసుకుంటున్నట్టు చూసుకుని, వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అతను హాల్లో ఉన్నాడు. చొక్కా మార్చుకున్నాడు. ప్రమీలమ్మ సోఫాలో, ఈరేశ్ తలుపు దగ్గర.

"ఏం జరిగింది?" అంది ప్రమీలమ్మ.  రోహిణే చెప్పింది. ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా చెప్పింది. ప్రమీలమ్మ వింటూ ఉంది. మధ్యలో ఆమె ముఖం మారింది.

"ఈరేశ్," అంది. "నేను శనివారం శనివారం మా సిద్ధమ్మ ఇంటికి పోతా కదా. అది గూడా చెప్పేవాడివా?"

ఈరేశ్ సుదర్శన్ వైపు చూశాడు.

"వాణ్ణి చూడొద్దు. నన్ను చూసి చెప్పు."

"చెప్పల్ల కదమ్మా," అన్నాడు.

ప్రమీలమ్మకు డెబ్బై దాటాయి. సిద్ధమ్మ ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. ఆ ఇంట్లో చాప మీద పడుకుని ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో, దేనికి నవ్వేవారో, ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రమీలమ్మ చీర కొంగు సర్దుకుంది.

"మీ నాయన గూడా నన్నింత చేయలేదురా," అంది. "నేను నిన్ను కన్న్యాను. నేను యాడికి పోతానని నీ భయం?"

"అమ్మా, అది వేరే..." అన్నాడు సుదర్శన్.

"ఏం వేరే?"

 ప్రమీలమ్మ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రాత్రి అన్నానికి పిలిస్తే రాలేదు. పొద్దున కొడుకు ముఖం చూసి గిన్నెలు శబ్దం అయ్యేటట్టు పెట్టింది. రోహిణి దగ్గరికి వచ్చి మాత్రం, "నిన్న నేను పెరట్లో వాణ్ణి అనాల్సింది," అంది.  రోహిణికి అత్త మీద కూడా కోపం ఉంది. ఆ కోపం కూడా ఉండనిచ్చింది.

ఈరేశ్‌ను సుదర్శన్ లారీల షెడ్డు పనికి మార్చాడు. ఫొటోల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రోహిణి కారెక్కడం మానేసింది. పెళ్ళిళ్ళకు, చావులకు, దేనికైనా బస్సే. కొన్నిసార్లు ప్రమీలమ్మ కూడా ఆమెతో వచ్చేది. మోకాళ్ళ నొప్పితో బస్సు మెట్లెక్కలేక, కండక్టర్ చెయ్యిస్తే పట్టుకుని ఎక్కేది. లారీల ఆఫీసులో ఏమనుకుంటున్నారో సుదర్శన్ ఇంట్లో చెప్పలేదు. రోహిణీ అడగలేదు.

ఒక పొద్దున సుదర్శన్ టిఫిన్ తింటూ, రోహిణి దోసె వేయడానికి వస్తే, ప్లేటు మీదనుంచి కళ్ళెత్తకుండా అడిగాడు. "ఎన్నాళ్ళు రోహిణీ, ఈ కోపం?"

ఆమె దోసె అతని ప్లేట్లో వేసింది. చట్నీ గిన్నె దగ్గరికి జరిపింది.

"తెలీదు," అంది. "అయిపోయిన రోజు నేనే చెప్తా. అంతవరకూ అడగొద్దు."